హైదరాబాద్ ఫుట్‌బాల్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన పేజీలు రెండుసార్లు చదివాను. మన హైదరాబాద్ ఫుట్‌బాల్ గురించి నీ వయసువాడు తెలుగులో రాయాలనుకోవడమే నాకు పెద్ద సంతోషం. అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నాను. మొదటి అధ్యాయం తీసెయ్యి.

అందులో అన్నీ కప్పులే. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గెలిచిన బొంబాయి రోవర్స్ కప్, 1956-57లోనూ 1957-58లోనూ రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ, 1962లో భారత జట్టుకు జకార్తా ఏషియన్ గేమ్స్ స్వర్ణం. ఒక్కటీ తప్పు కాదు. కానీ చదువుతుంటే ట్రోఫీల బీరువా ముందు నిలబడ్డట్టుంది. ఆ కప్పులు తెచ్చిన కాళ్లు ఎలా తయారయ్యాయో చెప్పు.

రహీం సాబ్ దగ్గర మొదలుపెట్టు. ఆ పోలీస్ జట్టుకీ, జకార్తాలో గెలిచిన భారత జట్టుకీ కోచ్ అయిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తికి బడిపంతులు. ఆయన గురించి నువ్వు ఒక్క లైన్లో చెప్పి వదిలేసిన సంగతి ఒకటుంది, నన్నడిగితే నీ పుస్తకానికి ప్రాణం అదే. ఆయన ఇక్కడ పెట్టించిన పోటీల్లో కొన్నింట్లో డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలితో తట్టుకుంటూ ముందుకు పోవడం, చెయ్యకూడదు. ఇంకొన్నింట్లో వాటంలేని కాలితోనే ఆడాలి. అలాంటి మ్యాచ్ ఒకటి నాకు చూపించు. కుడికాలి వాటమున్న కుర్రాడు ఎడమకాలితో కొడతాడు, బంతి ఎటో దొర్లిపోతుంది. అలవాటు కొద్దీ కుడికాలు లేస్తుంది, మధ్యలోనే ఆపుకుంటాడు. రోజులు గడిచేకొద్దీ ఆ రెండో కాలు కూడా మాట వినడం మొదలుపెడుతుంది. ఇక వాడు ఎటు తిరుగుతాడో ఎదుటి డిఫెండర్‌కి అంతుపట్టదు. ఇది రాశాక హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు సంగతికి రా. ఐదు రోవర్స్ కప్పులకు వేరే వివరణ అక్కర్లేదు.

చాలా ఏళ్ల కిందట ఒక పాత ఆటగాడి ఇంటికి వెళ్లాను. స్కోర్లు, సంవత్సరాలు అడిగి నోట్‌బుక్ నింపుకున్నాను. లేవబోతుంటే ఆయన చెప్పు విడిచి పాదం చూపించారు. బొటనవేలి గోరు సగమే ఉంది. ఉత్తికాళ్లతో ఆడిన రోజుల గుర్తట అది. వానలో తడిసిన తోలు బంతి ఎంత బరువెక్కేదో చేతులు చాచి చూపించారు. బంతి మూతిని లేసుతో బిగించి కుట్టేవారు, హెడ్ చేసేటప్పుడు ఆ కుట్టు నుదుటికి తగిలితే గీసుకుపోయేదట. నేను రాసుకున్న స్కోర్లన్నీ పాత పేపర్లలో దొరికేవే. ఆ పాదం గురించి మాత్రం ఇంకో గంట కూర్చుని అడగాల్సింది. మళ్లీ వెళ్లేసరికి ఆయన లేరు.

నీ చివరి అధ్యాయంతో నాకు పేచీ ఉంది. జకార్తా తర్వాత తొమ్మిది నెలలకే, 1963 జూన్‌లో రహీం సాబ్ పోవడంతో ఇక్కడి ఆట కూడా పోయిందని రాశావు. కన్నీళ్లు తెప్పించే వాక్యమే, కానీ నిజం కాదు. 1965-66 సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్ గెలిచింది. 1970లో బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన భారత జట్టుకు కెప్టెన్ మన నయీముద్దీనే. మరోపక్క, రహీం సాబ్ ఉండగానే ఆటగాళ్లు కలకత్తా దారి పట్టడం మొదలైంది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం 1957లోనే అక్కడి ఈస్ట్ బెంగాల్ క్లబ్‌కి వెళ్లాడు. ఎవరెవరు వెళ్లారు, ఎందుకు వెళ్లారు, ఇక్కడ ఉండిపోయినవాళ్లకు ఏ ఉద్యోగం దొరికింది, వాళ్లు ఆడుకున్న మైదానాలు ఏమయ్యాయి? ఒక్కొక్కటే వెతుక్కుంటూ వెళ్లు. ఆలస్యమైనా పర్వాలేదు.

ఆదివారం ఒక పెద్దాయనను కలవబోతున్నానని రాశావు. ఎన్ని గోల్స్ కొట్టారని అడిగి మొదలుపెట్టకు. మొదటి జత బూట్లు ఎవరు కొనిచ్చారో అడుగు. ఆయన చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో ఆపకు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య