పరంజాగా పనికొచ్చిన పత్రిక

ప్రశ్న: పార్టీ లేకుండానే లెనిన్ వాళ్లు ‘ఇస్క్రా’ పెట్టారంటారు. పత్రికతో పార్టీ ఎలా తయారవుతుంది? విదేశాల్లో అచ్చయింది రష్యాకు ఎలా చేరేది?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పేరుకు పార్టీ (రష్యన్ సోషల్ డెమోక్రటిక్ లేబర్ పార్టీ) 1898లోనే మిన్స్క్‌లో పుట్టింది. హాజరైన 9 మందిలో ఎక్కువమందిని పోలీసులు కొద్దిరోజుల్లోనే పట్టుకున్నారు. మిగిలింది ఊరికో గుంపు, ఎవరి గోడు వారిది. ఇస్క్రా తొలి సంచిక 1900 డిసెంబరులో లైప్‌జిగ్‌లో వచ్చింది. తర్వాత అచ్చు మ్యూనిక్, లండన్, జెనీవాలకు మారింది.

దొంగచాటు పేపరు పంచాలంటే ప్రతి ఊళ్లో కట్ట అందుకునే మనిషి, దాచే ఇల్లు, ఫ్యాక్టరీ వార్తలు రాసేవాడు, చందా వసూలు చేసేవాడు కావాలి. వీళ్లను కలిపితే అదే సంఘం. 1901 మేలో 4వ సంచికలో లెనిన్ పత్రికను కట్టడం చుట్టూ వేసే పరంజాతో పోల్చింది ఇందుకే.

కాగితం బాగా పల్చనిది వాడేవారు. అడుగున రెండో అర ఉన్న సూట్‌కేసుల్లో ఎక్కువ పట్టాలి కదా. అచ్చు మూసలు బాకూకు పంపి, అక్కడి రహస్య ప్రెస్సులో సీసం పోసి మళ్లీ అచ్చేసిన సంచికలూ ఉన్నాయి. ఉత్తరాలు మామూలు కబుర్ల వరుసల మధ్య కనపడని సిరాతో, సంకేతలిపిలో వచ్చేవి. లెనిన్ భార్య క్రుప్‌స్కాయా వాటిని వేడికి చూపి చదివేది.

నష్టాలూ ఎక్కువే. దారిలో కట్టలు పోయేవి, చేరినవి నెలలు ఆలస్యం. ఒక్కణ్ణి వెంబడిస్తే గొలుసంతా దొరికేది: 1902 ఫిబ్రవరిలో కీవ్‌లో అదే జరిగింది. మా దృష్టిలో అసలు చిక్కు వేరు. పత్రికే నిర్మాణమైతే తగాదా ఎడిటర్ల కుర్చీలకే చేరుతుంది. 1903 పార్టీ మహాసభలో ఆరుగురు ఎడిటర్లను ముగ్గురికి కుదించగానే వాళ్లలో ఒకడైన మార్తోవ్ ఆ పదవి వద్దన్నాడు. 52వ సంచిక నుంచి పత్రిక మార్తోవ్ వర్గమైన మెన్షెవిక్కుల చేతికి పోయింది.

ప్రశ్న: లెనిన్ వర్గం (బోల్షెవిక్కుల) దినపత్రిక ‘ప్రావ్దా’ చట్టబద్ధంగా ఎలా నడిచింది?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: 1912 మేలో మొదలై 1914 జూలై వరకు. ప్రభుత్వం 8 సార్లు మూయించింది, ప్రతిసారీ పేరు మార్చుకుని వచ్చింది. జైలుకెళ్లడానికి పేరుకో ఎడిటర్ ఉండేవాడు. లెనిన్ వచ్చిన రూబుళ్లకంటే ఇచ్చిన కార్మిక బృందాలనే లెక్కపెట్టేవాడు: 1912 తొలి ఆరు నెలల్లో తమ పత్రికలకు 504 చందాలు, ప్రత్యర్థులకు 15. ఇంత జాగ్రత్తలోనూ సంపాదకవర్గంలోనే చెర్నోమాజోవ్ అనే పోలీసు ఏజెంటు కూర్చున్నాడు.