సావేజ్ రెయిడ్ దగ్గర ఆగిపోయినవారికి

ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ ఆటలో సావేజ్ రెయిడ్ (ఎనిమిది మంది జట్టుగా ఆడే కఠినమైన పోరు) దగ్గర మూడు రాత్రులు వరసగా జట్టు చెదిరిపోయిందంటే కారణం మీ చేతకానితనం కాదు, మీకు సరిపడని జట్టులో చేరడం. రోజుకు గంట ఆడేవారి ఆటలో ఇంత కష్టమైన రెయిడ్ ఎందుకని అడిగారు కాబట్టి ఒక మాట. ఈ ఆటలో 2013 నాటి బహామూట్ అనే రెయిడ్ కథ ఆ కఠినమైన పోరు గెలిచినవారికే దక్కేది. అది నిజంగా అన్యాయం. 2015లో అలెగ్జాండర్ అనే రెయిడ్‌తో సాధారణ, సావేజ్ అని రెండు దారులు చేశారు. కథంతా సాధారణ దారిలోనే పూర్తవుతుంది. అందుకే సావేజ్ ఉండాలనే నా అభిప్రాయం.

గెలవాలనే ఉంటే:

1. పార్టీ ఫైండర్‌లో (ఆటలో జట్లను వెతుక్కునే జాబితా) జట్టు లక్ష్యం చదవండి. చాలామంది వదిలేసేది ఇదే. ‘ప్రాక్టీస్’ అంటే నేర్చుకోవడానికి, ‘డ్యూటీ కంప్లీషన్’ అంటే గెలిచి తీరడానికి. సగం పోరు కూడా చూడనివారు రెండోదాంట్లో చేరితే రెండు ఓటములకే జట్టు ఖాళీ అవుతుంది.

2. నేర్చుకునే జట్టు కనిపించకపోతే మీరే ప్రాక్టీస్ జట్టు పెట్టండి. ఎక్కడిదాకా వచ్చారో వివరణలో నిజాయితీగా రాయండి: "మొదటి రెండు నిమిషాలు వచ్చు, తర్వాతిది నేర్చుకోవాలి, గంటసేపు ఉంటాం." ఎనిమిది మందీ ఒకేచోట ఆగినవారైతే ఎవరికీ విసుగు రాదు.

3. లోపలికి వెళ్లేముందు ఆయుధాలు, కవచం మరమ్మతు చేయించి, ఆటలోని మీ పాత్రకు భోజనం తినిపించండి.

4. ఓడిన ప్రతిసారీ ముందుగా ఎవరు పడిపోయారో, ఏ దెబ్బకో ఒక్క వాక్యంలో చెప్పుకుని మళ్లీ మొదలుపెట్టండి.