చిన్నబోయాడా, భంగపడ్డాడా?

నలుగురిలో ఒకదానికి ఆశపడి, అది దక్కక సిగ్గుతో మొహం వాడిపోతే 'భంగపడ్డాడు' అనొచ్చా అని అడిగారు కదండీ. మీ కథలో ఉన్నది చిన్నపిల్లాడు కాబట్టి 'చిన్నబోయాడు' అనండి. పళ్లెంలో చివరి లడ్డూకి చెయ్యి చాపాడు, ఈలోగా పక్కవాడు తీసేసుకున్నాడు. చాపిన చెయ్యి మెల్లగా జేబులో పెట్టుకుని తల దించుకున్నాడు. అదీ చిన్నబోవడం. భంగపాటు కాస్త బరువైన మాట, టికెట్ దక్కని నాయకుడికి పేపర్లవాళ్లు వాడేది.

'చిన్నబుచ్చుకున్నాడు' అని మాత్రం రాయకండి. దానికి ఎక్కువగా ఎవరో అన్న మాటకు నొచ్చుకున్నాడనే అర్థం వస్తుంది. 'చిన్నబుచ్చాడు' అంటే ఎదుటివాణ్ణి తక్కువ చేశాడని. చాలామంది తికమకపడేది ఇక్కడే. అన్నట్టు, కూతురు అత్తారింటికి వెళ్లిపోతే ఇల్లు కూడా చిన్నబోతుంది. అక్కడ సిగ్గేమీ లేదు, వెలితే.