ఎల్‌కే-99 అతివాహకం కాదని ఎలా తేలింది?

2023 జులైలో దక్షిణ కొరియా బృందమొకటి ఎల్‌కే-99 అనే పదార్థం గది ఉష్ణోగ్రతలో, మామూలు పీడనం దగ్గరే అతివాహకమని, అంటే విద్యుత్తును ఏమాత్రం నిరోధం లేకుండా పోనిస్తుందని ప్రకటించింది. అయస్కాంతం మీద ముక్క తేలుతున్న వీడియో కూడా చూశాం, మరి కొన్ని వారాల్లోనే ఎందుకు కొట్టిపారేశారన్నది ప్రశ్న.

చిక్కంతా తయారీలో ఉంది. సీసం ఆక్సైడు, సీసం సల్ఫేటు కలిపి 725 డిగ్రీల సెల్సియస్‌లో కాల్చి లానార్కైట్ అనే సీసపు ఖనిజం చేస్తారు. రాగి, భాస్వరంతో కాపర్ ఫాస్ఫైడు విడిగా చేస్తారు. రెండింటినీ పొడిచేసి, గాలి తీసేసిన గొట్టంలో మూసి 925 డిగ్రీల్లో 5 నుంచి 20 గంటలు ఉంచుతారు. అప్పుడు సల్ఫేటులోని గంధకం రాగితో కలిసి కాపర్ సల్ఫైడు మలినంగా మిగిలిపోతుంది. చల్లారేటప్పుడు సుమారు 104 డిగ్రీల దగ్గర ఈ మలినం స్ఫటిక నిర్మాణం మారి, దాని నిరోధం ఒక్కసారిగా పడిపోతుంది. కొరియా వాళ్ల గ్రాఫులో నిరోధం పడిపోయిన చోటు 104.8 డిగ్రీలు! ఇంతకంటే బలమైన ఆధారం అక్కర్లేదని నా అభిప్రాయం.

ఇక తేలడం సంగతి. అతివాహకం అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెట్టడం వల్ల తేలుతుంది, ఇక్కడ జరిగింది అది కాదు. ఆ ముక్క అంచు అయస్కాంతాన్ని ఆనుకునే ఉంది. ఇనుములాంటి అయస్కాంత గుణం కొద్దిగా ఉన్న పలుచటి ముక్క కూడా అలాగే ఓ పక్కకు లేచి నిలబడుతుంది.

స్టుట్‌గార్ట్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ గంధకం లేకుండా శుద్ధమైన స్ఫటికం పెంచి చూస్తే అది విద్యుత్తును పోనివ్వని బంధకమని తేలింది. ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ చేసిన నమూనాలోనూ అతివాహకత కనిపించలేదు.

ఇలాంటి వార్త మళ్లీ వస్తే వీడియో పక్కన పెట్టి రెండే చూడండి: నాలుగు తీగల పద్ధతిలో (కరెంటు పంపడానికి రెండు, వోల్టేజీ కొలవడానికి రెండు) కొలిచిన నిరోధం నిజంగా సున్నాకు చేరిందా, పదార్థం తనలోంచి అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెడుతోందా.