ఫ్లాట్‌లో వెదురు ఫ్లై రాడ్ చేయొచ్చా? చేయొచ్చు, తేమ సంగతి ముందు చూసుకోండి

కూకట్‌పల్లిలో చిన్న ఫ్లాట్, బాల్కనీ తప్ప చోటు లేదు, చైనా టోంకిన్ వెదురు తెప్పించే స్తోమత లేదు, మన వెదురుతో ఫ్లై రాడ్ (ఈగలాంటి నకిలీ ఎరను విసిరి చేపలు పట్టే సన్నటి గాలపు కర్ర) అవుతుందా అని అడిగారు. అవుతుంది. అల్వాల్‌లో మా డాబా మీది రేకుల షెడ్డులో ఆరేళ్లుగా ఈ పని చేస్తున్నాను.

మన వెదురు తక్కువరకం అనుకోకండి. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో చీల్చిన వెదురుతో రాడ్లు కట్టిన తొలి తరం వాడింది ఇక్కడినుంచి వెళ్లిన వెదురే. దాన్ని 'కలకత్తా కేన్' అనేవారు. గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చే టోంకిన్ ఆ తర్వాత దాన్ని పక్కకు నెట్టింది. టోంకిన్ నిటారుగా పెరుగుతుంది, కణుపులు దూరదూరంగా ఉంటాయి. మన సాధనపు వెదురుకు కణుపులు దగ్గర. కాబట్టి ఆకురాయి పని, వేడి చేసి కణుపులు సరిచేసే పని ఎక్కువ. 

బొంగు కొనేటప్పుడు కోసిన మొదలు చూడండి. అంచున నల్లటి చుక్కలు దట్టంగా, లోపలికి పోయేకొద్దీ పలచగా కనిపిస్తాయి. అవే నారలు. ఆ దట్టమైన పొర ఎంత మందంగా ఉంటే రాడ్‌కు అంత సత్తువ. అందుకే రందా ఎప్పుడూ లోపలి రెండు ముఖాల మీదే నడవాలి. బయటి ముఖాన పైపైన ఉన్న నునుపు పొరను గీకడం తప్ప ఇంకేమీ చేయకూడదు.

చీల్చడం నాకు నేర్పింది నిచ్చెనలు, తట్టలు చేసే ఒక మేదరి పెద్దాయన. చీలిక పక్కకు పోతుంటే నేను కత్తిని బలంగా నొక్కేవాణ్ణి. ఆయన నా చేయి పట్టుకుని "బలం పెట్టకు బిడ్డా, మందం ఉన్న దిక్కు వంచు" అన్నారు. మందంగా ఉన్న సగాన్ని కాస్త వంచగానే చీలిక దానంతట అదే మధ్యకు తిరిగొచ్చింది. ఆ రోజు తర్వాత నాకు బద్దలు వృథా కావడం బాగా తగ్గింది.

రాడ్‌లోని ఒక్కో ముక్కకు 6 బద్దలు. ప్రతి బద్దా 60 డిగ్రీల త్రిభుజం, ఆరూ కలిస్తే షడ్భుజి. ఏడున్నర అడుగుల రాడ్‌కు కొసన మందం సుమారు 1.8 మిల్లీమీటర్లు, అంటే అక్కడ బద్ద ఎత్తు 0.9. పిడి దగ్గర రాడ్ మందం దాదాపు 8, బద్ద 4. ఈ వాలు తేవడానికి ప్లేనింగ్ ఫామ్ కావాలి. రెండు ఇనుప బార్ల మధ్య గాడి, ప్రతి 5 అంగుళాలకూ సందును సర్దే బోల్టులు. బార్లు రాణిగంజ్‌లో కొని, గాడి బాలానగర్‌లో కొట్టించాను. మీరు ముందు టేకు చెక్కలో గాడి తీసి చేయి తిప్పుకోండి. రందా బ్లేడు మాత్రం సానరాయి మీద రోజూ పెట్టాల్సిందే. మొద్దు బ్లేడు కణుపు దగ్గర నారను పెకిలించేస్తుంది, ఆ బద్ద ఇక పనికిరాదు.

అసలు విషయం తేమ. నా మొదటి రాడ్ బద్దల్ని వేడి చేసి, వారం రోజులు షెడ్డులోనే వదిలేసి, ఆగస్టులో అతికించాను. వానాకాలం గాలికి అవి మళ్లీ తేమ పీల్చుకున్నాయి. మూడో చేపకే కొస వంగిపోయి మళ్లీ నిటారు కాలేదు. ఏప్రిల్ వచ్చేసరికి అతుకుల వెంబడి వెంట్రుకవాసి సందులు తేలాయి. నెలల కష్టం అలా పోతే చాలా బాధేసింది. ఇప్పుడు ఇనుప గొట్టంలోకి హీట్ గన్ గాలి పంపి, 180 డిగ్రీల దగ్గర పావుగంట ఉంచుతాను. మధ్యలో కట్టను తలకిందులు చేస్తాను. ఆ తర్వాత వంటింటి డిజిటల్ తూకం మీద పెడతాను. వరసగా రెండుసార్లు బరువు తగ్గకుండా నిలిస్తే, అదే రోజు ఎపాక్సీ పెట్టి దారం చుట్టేస్తాను. మన మార్చి, ఏప్రిల్, మే నెలల పొడిగాలి ఈ పనికి వరం.

రాడ్ ముక్కలను కలిపే ఫెర్రూల్‌కు జర్మన్ సిల్వర్ (రాగి, నికెల్, జింకు మిశ్రమం) గొట్టం లేత్ మీద తిప్పించుకోవచ్చు. గైడ్లు, అంటే గాలం తాడు పోయే చిన్న రింగులు, కొనుక్కోండి, వాటిని కట్టిన దారం మీద వార్నిష్ పలచగా మూడు పూతలు చాలు.

బాల్కనీలో చేస్తానన్నారు కాబట్టి ఒక మాట. వెదురు దుమ్ము, పీచు చాలా చెడ్డవి, పిల్లలుంటే ఆ తలుపు మూసి ఉంచండి, మాస్కు తీయకండి. బద్ద అంచు కత్తిలా కోస్తుంది. చేతికి తోలు గ్లౌజు ఉండాలి.

పుచ్చు పట్టని, నిండా మూడేళ్లు ముదిరిన బొంగులు రెండు ఇప్పుడే కొని, బాల్కనీలో ఎండ, వాన తగలని మూల నిలబెట్టండి. చీలికలు ఎలా వచ్చాయో ఫోటో పెడితే చూసి చెబుతాను.