ఈమాక్స్‌లోంచి ప్రాసెస్‌లు నడపబోయే ముందు

తమ్ముడూ,

తెలుగు స్పెల్లింగులు చూసే ప్రోగ్రామ్‌ని ఈమాక్స్ ఎడిటర్ వెనకాల ప్రాసెస్‌గా (నడుస్తున్న ప్రోగ్రామ్‌ని అలా అంటాం) నడిపిస్తూ, ఎడిటర్‌లో టైప్ చేసేది ఎప్పటికప్పుడు దానికి పంపించి తప్పులు చూపించే ప్యాకేజీ రాస్తున్నానన్నావు కదా, చాలా సంతోషం. తర్వాత అదే ప్రోగ్రామ్‌ని వేరే మెషీన్‌లో పెట్టి నెట్‌వర్క్ మీద మాట్లాడించాలన్న ఆలోచన కూడా ఉందన్నావు. అందుకే రెండిటి గురించీ కలిపే రాస్తున్నా. మాన్యువల్‌లో అన్నీ ఉన్నాయి, చదువు, కానీ మొదటిసారి చదివేటప్పుడు ఏది ముఖ్యమో తెలియదు.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకో. ఈమాక్స్‌లో లిస్ప్ (ప్యాకేజీలు రాసే భాష) కోడ్ నడిచేది ఒకే వరసలో. నీ ఫంక్షన్ నడుస్తున్నంతసేపూ బయటి ప్రోగ్రామ్ ఎంత అరిచినా ఈమాక్స్ వినదు. తను ఖాళీగా కూర్చుని కీబోర్డు కోసమో టైమర్ కోసమో ఎదురు చూసేటప్పుడు, లేదా నువ్వే యాక్సెప్ట్-ప్రాసెస్-అవుట్‌పుట్ పిలిచినప్పుడు మాత్రమే వచ్చిన డేటా చదివి నీ ఫిల్టర్‌కి, అంటే ఆ డేటా అందుకోవడానికి నువ్వు రాసే ఫంక్షన్‌కి, ఇస్తుంది. ఇంకో చోటు కూడా ఉంది, చాలామంది గమనించరు: నువ్వు ప్రాసెస్‌కి పెద్ద స్ట్రింగ్ పంపిస్తుంటే, అవతలి పైపు (డేటా వెళ్లే దారి) నిండి ఆగాల్సి వస్తే, ఆ ఆగే మధ్యలో కూడా ఫిల్టర్లు నడవచ్చు. అంటే పంపించే ఫంక్షన్ ఇంకా పూర్తికాకుండానే నీ వేరియబుల్స్ మారిపోయి ఉండొచ్చు. కాబట్టి "పంపాను" అని గుర్తు పెట్టుకునేది ఏదైనా ఉంటే పంపకముందే రాసిపెట్టు, తర్వాత కాదు.

గిట్ బ్రాంచ్ పేరు కనుక్కోవడం లాంటి చిటికెలో అయిపోయే పనికి కాల్-ప్రాసెస్ (ప్రోగ్రామ్ ముగిసేదాకా ఆగే ఫంక్షన్) చాలు, అక్కడ మేక్-ప్రాసెస్ (ఆగకుండా వెనకాల నడిపేది) పెట్టి ఆర్భాటం చేయకు. కానీ పని ఎంతసేపు పడుతుందో ఖచ్చితంగా చెప్పలేకపోతే కాల్-ప్రాసెస్ జోలికి వెళ్లొద్దు, ఎడిటర్ మొత్తం బిగుసుకుపోతుంది. ఆర్గ్యుమెంట్లు లిస్టుగా ఇవ్వు, షెల్ కమాండ్‌గా అతికించి ఇవ్వకు. ఫైలు పేరులో ఒక్క ఖాళీ ఉంటే చాలు, కొంప మునుగుతుంది.

మేక్-ప్రాసెస్ పిలిచేటప్పుడు కనెక్షన్-టైప్ దగ్గర పైప్ అని నువ్వే రాయి. ఏమీ రాయకపోతే మామూలుగా పీటీవై వస్తుంది, అంటే అవతలి ప్రోగ్రామ్ తను ఒక టెర్మినల్ ముందు ఉన్నాననుకుంటుంది. షెల్ నడపడానికి అది కావాలి, పాస్‌వర్డ్ అడిగే ప్రోగ్రామ్‌లకీ కావాలి. నీ పనికి మాత్రం అది తలనొప్పి: నువ్వు పంపిందే తిరిగి ప్రతిధ్వనిస్తుంది, రంగుల కోడ్‌లు కలుస్తాయి, పొడుగు లైన్లతో పేచీ వస్తుంది. పైప్ పెట్టాక ఇంకో చిక్కు ఎదురవుతుంది, భయపడకు. టెర్మినల్ లేదని తెలిసిన ప్రోగ్రామ్ తన అవుట్‌పుట్‌ని వెంటనే పంపదు, కొంత పోగయ్యాకే పంపుతుంది. ఏమీ రావట్లేదని నీ ఫిల్టర్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటావు, తప్పు అక్కడ ఉండదు. నీది పైథాన్ ప్రోగ్రామే కాబట్టి డాష్ యూ ఆప్షన్‌తో నడుపు, లేదా ప్రతి జవాబు తర్వాత ఫ్లష్ చేయించు (పోగైనది వెంటనే పంపేయించు).

ఇక ఫిల్టర్. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఫిల్టర్‌కి వచ్చేది ఒక జవాబు కాదు, బైట్ల ముక్క. ఇది మన మునిసిపాలిటీ కుళాయి లాంటిది, ఎప్పుడొస్తుందో, ఎంత ధారగా వస్తుందో నీ చేతిలో లేదు, కింద బిందె పెట్టి ఉంచడమే నీ పని. ఒకసారి జవాబులో సగం వస్తుంది, ఇంకోసారి రెండున్నర జవాబులు ఒకేసారి వచ్చి పడతాయి. చిన్న చిన్న ఉదాహరణలతో టెస్ట్ చేసినప్పుడు ప్రతిసారీ ఒక జవాబు ఒక ముక్కగానే వస్తుంది, అదే మోసం. ఈమాక్స్ ఒక్కసారికి చదివే గరిష్ఠ పరిమాణం చాలాకాలం 4096 బైట్లు, 27వ వెర్షన్‌లో దాన్ని మార్చుకునే వేరియబుల్ వచ్చింది, 30లో మామూలు విలువే 65536 అయింది. అంటే నీ మెషీన్‌లో ఎప్పుడూ విరగని జవాబు పాత ఈమాక్స్ వాడే ఇంకొకరి దగ్గర విరుగుతుంది.

వచ్చిన ప్రతి ముక్కనీ ముందు దాచు (ప్రాసెస్-పుట్‌తో ఆ ప్రాసెస్‌కే తగిలించి పెట్టుకుంటే శుభ్రంగా ఉంటుంది, గ్లోబల్ వేరియబుల్ వద్దు), తర్వాత పూర్తి జవాబులు ఎన్ని ఉంటే అన్నీ లూప్‌లో బయటికి తీయి, మిగిలిన తోక అలాగే ఉంచు. లూప్ లేకుండా ఒక్కటే తీసి ఊరుకుంటే రెండో జవాబు మూడోది వచ్చేదాకా అక్కడే పడి ఉంటుంది, యూజర్‌కి ఎప్పుడూ ఒక అడుగు పాత తప్పులే కనిపిస్తాయి.

తెలుగు కాబట్టి నీకు ఇంకో గండం ఉంది. ప్రతి జవాబు ముందూ దాని పొడవు రాసే పద్ధతి పెట్టుకున్నానన్నావు, లాంగ్వేజ్ సర్వర్లు (ఎడిటర్‌కి కోడ్‌లో తప్పులు చెప్పే ప్రోగ్రామ్‌లు) చేసేదీ అదే, మంచి పద్ధతే. కానీ ఆ పొడవు బైట్లలో ఉంటుంది. "తెలుగు" అన్న మాటని ఈమాక్స్‌లో లెంగ్త్ అడిగితే 6 అంటుంది (గుణింతం గుర్తులు కూడా లెక్కే), యూటీఎఫ్-8లో (అక్షరాలని బైట్లుగా రాసే పద్ధతి) అవే 18 బైట్లు. ఇంగ్లిష్‌తో టెస్ట్ చేసినంతకాలం రెండూ ఒకటే, అంతా బాగున్నట్టే ఉంటుంది, ఒక్క తెలుగు అక్షరం రాగానే నీ కోడ్ పక్క జవాబులోంచి కూడా కొంత లాక్కుంటుంది, అక్కడి నుంచి అన్నీ తప్పుతాయి. అందుకే ప్రాసెస్‌కి కోడింగ్ బైనరీ అని పెట్టు. వచ్చినవి బైట్లుగానే దాచు, బైట్లుగానే లెక్కపెట్టు, పూర్తి జవాబు విడదీశాక మాత్రమే యూటీఎఫ్-8గా డీకోడ్ చెయ్యి. పంపేటప్పుడు దీనికి రివర్స్: ముందు ఎన్‌కోడ్ చేసి, ఆ వచ్చిన బైట్ల పొడవు రాసి పంపు.

టెస్ట్ చేసే పద్ధతి కూడా చెప్తా. అసలు ప్రోగ్రామ్‌ని పక్కన పెట్టి, రెండు మూడు తెలుగు జవాబులు అతికించిన ఒక స్ట్రింగ్ తీసుకుని, ఎన్‌కోడ్ చేసి, దాన్ని ఒక్కో బైటు చొప్పున నీ ఫిల్టర్‌కి అందించు. తర్వాత మొత్తం ఒకేసారి ఇవ్వు. రెండుసార్లూ అవే జవాబులు వస్తే ఫిల్టర్ కరెక్ట్. ఫిల్టర్ అడిగే ప్రాసెస్ ఆర్గ్యుమెంట్ కోసం క్యాట్ (వచ్చింది వచ్చినట్టు తిప్పి పంపేది) ప్రోగ్రామ్‌ని నడిపి అది ఇచ్చెయ్, సరిపోతుంది.

ఫిల్టర్‌లో బరువు పని పెట్టకు. అక్కడ కంట్రోల్-జీ (నడుస్తున్న పని ఆపించే కీ) పనిచేయదు, ఈమాక్స్ దాన్ని ఆపి ఉంచుతుంది, లూప్‌లో ఇరుక్కుంటే యూజర్ ఏమీ చేయలేడు. నీకే అలా అయితే ఇంకో టెర్మినల్‌లోంచి ఆ ఈమాక్స్‌కి యూజర్2 సిగ్నల్ (SIGUSR2) పంపు, డీబగ్గర్ తెరుచుకుని ఎక్కడ ఇరుక్కుందో చూపిస్తుంది. చాలామంది ఇది తెలియక కిల్ చేసి సేవ్ చేయని ఫైళ్లు పోగొట్టుకుంటారు. ఫిల్టర్ నడిచేటప్పుడు ఏ బఫర్‌లో ఉన్నావో కూడా నమ్మకం లేదు, కాబట్టి నీ బఫర్ ఇంకా బతికే ఉందో లేదో చూసుకుని అందులోకి వెళ్లి రాయి.

సెంటినెల్ (ప్రాసెస్ స్థితి మారినప్పుడు ఈమాక్స్ పిలిచే నీ ఫంక్షన్) దగ్గర వచ్చే స్ట్రింగ్‌ని పోల్చి చూసే కోడ్ చాలా చోట్ల కనిపిస్తుంది, నాకు నచ్చదు. ప్రాసెస్-స్టేటస్ అడుగు, స్పష్టంగా చెబుతుంది. స్టాండర్డ్ ఎర్రర్‌ని వేరే బఫర్‌కి మళ్లిస్తే దానికి ఈమాక్స్ వేరే ప్రాసెస్ ఆబ్జెక్ట్ తయారు చేస్తుంది, అసలుది ముగిసిందని కబురు వచ్చినప్పటికి ఎర్రర్ మొత్తం చేరి ఉండకపోవచ్చు. ప్రోగ్రామ్ ఎందుకు చచ్చిందో చూపించాలంటే ఆ రెండోదాన్ని కూడా ఖాళీ అయ్యేదాకా చదివించి అప్పుడు చూపించు.

నెట్‌వర్క్ సంగతి. ఫిల్టర్, సెంటినెల్ అవే, కాబట్టి పైన చెప్పింది సరిగ్గా చేస్తే సగం పని అయిపోయినట్టే. ఓపెన్-నెట్‌వర్క్-స్ట్రీమ్ వాడు, టీఎల్‌ఎస్ (డేటాని రహస్యంగా పంపే పద్ధతి) అందులోనే అడగొచ్చు. నోవెయిట్ అనే ఆప్షన్ పెట్టకపోతే కనెక్షన్ కలిసేదాకా ఎడిటర్ ఆగిపోతుంది. అవతలి మెషీన్‌లో సర్వర్ నడవకపోతే ఆ మెషీన్ వెంటనే తిరస్కరిస్తుంది, అది ఫరవాలేదు, ఫైర్‌వాల్ నిశ్శబ్దంగా మింగేస్తే మాత్రం చాలాసేపు ఆగుతుంది, ఆఫీసు నెట్‌వర్క్‌లలో జరిగేది ఇదే. నోవెయిట్ పెడితే మాత్రం సెంటినెల్‌కి ఓపెన్ అని వచ్చేదాకా ఏమీ పంపకు, పంపాల్సినవి క్యూలో పెట్టు.

సబ్‌ప్రాసెస్ చస్తే కబురు వస్తుంది. నెట్‌వర్క్‌లో ఆ గ్యారంటీ లేదు. ల్యాప్‌టాప్ మూసి తెరిచినప్పుడు, వైఫై మారినప్పుడు కనెక్షన్ ఇంకా ఓపెన్ అనే చూపిస్తూ ఉంటుంది, అవతల ఎవరూ ఉండరు. అందుకే పంపిన ప్రతి అభ్యర్థనకీ ఒక నంబరు, ఒక టైమర్ పెట్టు, గడువు దాటితే కనెక్షన్ తీసేసి కొత్తది తెరువు. మళ్లీ మళ్లీ ఫెయిల్ అవుతుంటే ప్రతిసారీ వ్యవధి పెంచుకుంటూ పో, లేకపోతే పడిపోయిన సర్వర్‌ని నీ యూజర్లే లేవనివ్వరు. యూజర్ టైప్ చేస్తూ ముందుకు వెళ్లిపోయాక వచ్చిన పాత జవాబుని నంబరు చూసి పారెయ్.

మూసేటప్పుడు: డిలీట్-ప్రాసెస్ అంటే మర్యాదగా చెప్పడం కాదు, నడుస్తున్న ప్రోగ్రామ్‌ని నేరుగా సిగ్‌కిల్‌తో చంపేస్తుంది. నీ ప్రోగ్రామ్ డిక్షనరీని డిస్క్‌కి రాస్తుందన్నావు కాబట్టి ముందు ముగించమని మెసేజ్ పంపి, కొద్దిసేపు గడువిచ్చి, అప్పటికీ ఉంటే చంపు. ఆ గడువు కోసం యాక్సెప్ట్-ప్రాసెస్-అవుట్‌పుట్ వాడితే టైమవుట్ తప్పకుండా ఇవ్వు. నోక్వెరీ కూడా పెట్టు, ఈమాక్స్ మూసే ప్రతిసారీ "ప్రాసెస్‌లు నడుస్తున్నాయి, చంపమంటారా" అని నీ స్పెల్ చెకర్ గురించి అడిగితే జనానికి చిరాకు.

చిన్నవి రెండు మిగిలాయి. మ్యాక్‌లో డాక్ నుంచి తెరిచిన ఈమాక్స్‌కి షెల్‌లోని పాత్ (ప్రోగ్రామ్‌ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) తెలియదు, ప్రోగ్రామ్ దొరకట్లేదని మొదట వచ్చే ఫిర్యాదు అదే అవుతుంది, ఆ ఎర్రర్ మెసేజ్ అర్థమయ్యేలా నువ్వే రాయి. ట్రాంప్‌తో వేరే మెషీన్‌లో ఫైలు తెరిచినప్పుడు ప్రోగ్రామ్ ఇక్కడ నడవాలా అక్కడ నడవాలా అన్నది ముందే తేల్చుకో. నా మాట అడిగితే ఇక్కడే నడుపు, నీకు కావాల్సింది టెక్స్టే కదా, ఫైలు కాదు.

లిస్ట్-ప్రాసెసెస్ అప్పుడప్పుడూ తెరిచి చూస్తూ ఉండు, బఫర్ మూసిన ప్రతిసారీ పాతవి పోతున్నాయో లేదో అందులో తెలిసిపోతుంది. ఫిల్టర్ రాయడం అయ్యాక ఆ ఒక్కటీ ముందు పంపు, మిగతా ప్యాకేజీ తర్వాత చూస్తాను.

అన్న