గిన్నె అడుగున తెల్ల పెచ్చు

ప్రశ్న: సార్, మా బోరు నీళ్లకు సబ్బు నురగ రాదు. కాగబెట్టిన గిన్నెకు తెల్లటి పెచ్చు కడుతుంది. మా అవ్వ చింతపండుతో రుద్ది వదలగొడుతుంది. అదెలా? కాగబెడితే ఫ్లోరైడ్ కూడా పోతుందా?
– పదో తరగతి విద్యార్థిని, కనిగిరి

జవాబు: మార్కులొచ్చే ప్రశ్న కాదు, అయినా అడిగావు. సంతోషం తల్లీ! నీళ్లలో కరిగివున్న కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి, కార్బొనేట్‌గా గిన్నెకు అంటుకుంటుంది. సబ్బును తెట్టు కట్టించేదీ ఆ కాల్షియం, మెగ్నీషియం లవణాలే. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం పెచ్చును తినేస్తుంది. పొదలకూరు నిమ్మకాయ దొరికితే పెచ్చుమీద పిండి, దగ్గరగా చూడు. సన్నటి బుడగలు లేస్తాయి. అదే కార్బన్ డయాక్సైడ్.

ఫ్లోరైడ్ మాత్రం మొండిది. ఆవిరయ్యేది నీళ్లే కాబట్టి, మిగిలిన నీళ్లలో దాని శాతం ఇంకా పెరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగొద్దు. బోరు నీళ్లు ముందు పరీక్ష చేయించమని నాన్నకు చెప్పు.